మేకను కాస్తే చీతాకు బతుకు: నమీబియా కాపలా కుక్కల నేపథ్యం

2022 సెప్టెంబరు 17న ఎనిమిది చీతాలు నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చాయి. బయటికి పంపగలిగినన్ని చీతాలు ఆ దేశంలో మిగలడంలో టర్కీ కాపరుల కుక్కలకూ వాటా ఉంది.

నమీబియా చీతాల్లో తొంభై శాతం దాకా అభయారణ్యాల బయట, పశువుల పెంపకందారుల భూముల్లోనే తిరుగుతాయి. అభయారణ్యాల్లో సింహాలు, హైనాలు ఉంటాయి. అవి చీతా నోటి దగ్గరి వేటను లాక్కుంటాయి, దాని కూనలను చంపుతాయి. రైతులు తమ భూముల్లో ఆ రెండింటినీ ఎప్పుడో ఏరేశారు. పశువుల కోసం తవ్విన నీళ్లకు జింకలు చేరాయి, జింకల కోసం చీతాలు వచ్చాయి.

చీతాను పట్టడం పెద్ద పనేమీ కాదు. కొన్ని చెట్ల దగ్గరికే పదే పదే వచ్చి మూత్రంతో గుర్తు పెట్టడం దాని అలవాటు. చెట్టు చుట్టూ ముళ్లకంప కట్టి, వదిలిన ఒక్క సందులో బోను పెడితే ఎర కూడా అక్కర్లేదు. దూడను చంపిందీ, బోనులో పడిందీ ఒకటే చీతా అన్న నమ్మకం మాత్రం ఏమీ లేదు. 1980 దశకంలో ఇలా పట్టినవీ, కాల్చినవీ కలిపి దాదాపు 7,000. అక్కడ చీతా రక్షిత జంతువే అయినా, పశువులను కాపాడుకోవడానికి చంపితే చట్టం ఒప్పుకుంటుంది.

నమీబియాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1990లో, అమెరికా శాస్త్రవేత్త లారీ మార్కర్ అక్కడ చీతా కన్జర్వేషన్ ఫండ్ మొదలుపెట్టారు. ఓచివరోంగో దగ్గర ఉన్న ఈ సంస్థ 1994 నుంచి రైతులకు అనటోలియన్ షెపర్డ్ అనే టర్కీ జాతి కుక్కపిల్లలను ఇస్తోంది. లెక్క సూటిగానే ఉంది. చీతా బరువు 35 నుంచి 55 కిలోలు, కుక్క బరువు 45 నుంచి 65 కిలోలు. చీతా బతుకంతా పరుగు మీదే. కాలు దెబ్బతింటే వేట లేదు, తిండి లేదు. అందుకే అది పోట్లాటకు దిగదు. మందకీ తనకీ మధ్య నిలబడి మొరిగే పెద్ద కుక్క కనిపిస్తే చాలావరకు వెనక్కే తిరుగుతుంది.

కుక్కను గొర్రెల మధ్య పెంచే పద్ధతి మాత్రం చాలా పాతది. టర్కీ, ఇటలీ కొండల్లో తోడేళ్ల మీద కాపలాకు శతాబ్దాలుగా ఉంది. 1833లో ఉరుగ్వే పల్లెల్లో డార్విన్ చూసి రాసిన వివరాలు ఈనాటి శిక్షణకూ సరిపోతాయి. పసికూనను తల్లి నుంచి విడదీసి, రోజుకు మూడు నాలుగు సార్లు గొర్రె పాలు తాగించి, దొడ్డిలోనే ఉన్నితో పడక వేసేవారు. వేరే కుక్కలతో, ఇంటి పిల్లలతో కలవనిచ్చేవారు కాదు. వృషణాలు తీసేసేవారు. పెద్దయ్యాక ఆ కుక్క మాంసం కోసం ఇంటికి వస్తే ఇంటి కుక్కలు తరిమేవి. అదే కుక్క మందను చేరగానే వెనక్కి తిరిగి మొరిగితే తరిమినవే పారిపోయేవి.

అమెరికాలో ఈ విద్యకు మళ్లీ గిరాకీ వచ్చింది ఒక నిషేధం వల్ల. ప్రభుత్వ భూముల్లో మందల మీద పడే క్రూరమృగాలకు విషం పెట్టడాన్ని 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఆపించారు. 1970 దశకం చివర మసాచుసెట్స్‌లోని హ్యాంప్‌షైర్ కాలేజీలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు యూరప్, టర్కీల నుంచి కుక్కపిల్లలను తెచ్చి గొర్రెల రైతులకు పంచారు. మంచి కాపలా కుక్కకు వాళ్లు మూడు లక్షణాలు చూశారు: మందను వదలకపోవడం, మందకు హాని చేయకపోవడం, కొత్త జంతువు వస్తే అడ్డుపడటం. మొదటి రెండూ ఉంటే మూడోది దాదాపు దానంతటదే వస్తుంది. పోట్లాడటం నేర్పాలని చూసేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

నమీబియాలో కుక్కపిల్ల ఎనిమిది వారాలప్పుడు దొడ్డికి చేరుతుంది. కుక్క ఎవరిని తనవాళ్లనుకోవాలో పదహారు వారాల లోపే చాలావరకు తేలిపోతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. దొడ్డిలో ఒక మూల చిన్న కంచె, నీడ, నీళ్లు, తోడుగా నెమ్మదస్తులైన నాలుగైదు మేకపిల్లలు కావాలి. కొత్తగా ఈనిన మేకల మధ్య వదిలితే కుమ్మేస్తాయి. దూరి తప్పించుకోవడానికి కంచెకు పిల్ల పట్టేంత సందు ఉంచాలి. తిండి అక్కడే పెట్టాలి. ఇంట్లోవాళ్లు ముద్దు చేస్తే అది ఇంటి కుక్కే అవుతుంది. మూడు నాలుగు నెలలకు కాపరి వెంట కొద్ది దూరంతో మొదలుపెట్టి మేతకు తిప్పుతారు. ఎండలో రోజంతా నడిపిస్తే అరికాళ్లు పగిలి వెనకబడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారు. రేబిస్, డిస్టెంపర్, పార్వో జబ్బులకు టీకాలు తప్పనిసరి. పిడుదులను క్రమం తప్పకుండా చూడాలి.

గొడవంతా ఆరు నెలలు దాటాక మొదలవుతుంది. ఏడాదిన్నర దాకా కుక్కకు ఆట పోదు. మేకపిల్లలను తరుముతుంది, చెవులు కొరుకుతుంది. చాలామంది రైతులు అప్పుడే విసిగిపోయి దాన్ని ఇంటి దగ్గర కట్టేస్తారు. అలా కట్టేస్తే మంద కాపలా లేకుండా పోతుంది, కుక్క ఇంటికి అలవాటు పడుతుంది. తప్పు చేస్తుండగానే గద్దించాలి. ఆటను సహించని ముదురు మేకపోతులతో కొన్నాళ్లు ఉంచాలి. మెడపట్టీకి మోకాళ్ల ఎత్తులో కర్ర వేలాడదీస్తే పరుగు సాగదు. ఉమ్మడి మేత భూముల్లో ఇంకో చిక్కు ఉంది. ఒట్టి మొక్కజొన్న సంకటితో అంత కుక్క నిలవదు. ఆకలితో కుందేళ్ల వెంట, జింకల వెంట పడి మందను వదిలేస్తుంది.

1994 జనవరి నుంచి 2002 జనవరి దాకా 143 కుక్కలను ఇచ్చారు. జవాబిచ్చిన రైతుల్లో 73 శాతం మంది నష్టం బాగా తగ్గిందన్నారు. ఇది రైతుల మాట, కళేబరాల లెక్క కాదు. అయినా బోను పెట్టాలో వద్దో తేల్చేది రైతు అభిప్రాయమే కాబట్టి దీన్ని తీసిపారేయలేం. అదే కాలంలో 49 కుక్కలు చనిపోయాయి. అందులో 22 ప్రమాదాల వల్ల. తొమ్మిదింటిని యజమానులే చంపారు, అవన్నీ పెద్ద వాణిజ్య కమతాల్లోనే. మేకలను వెన్నంటి ఉండే కాపరి లేనిచోట కుక్క తప్పును మొదట్లోనే దిద్దేవాడు ఉండడు.

కుక్కతో తీరని సమస్యలున్నాయి. ఆవుల మందలు విశాలంగా చెదిరి మేస్తాయి. అక్కడ ఈత కాలాన్ని ఒకచోటికి తెచ్చి, దూడలను కంచెలో ఉంచడమే మేలు. 1975 చట్టం కమతంలోని జింకల్లాంటి వేట జంతువుల మీద రైతుకే హక్కు ఇచ్చింది కనుక, చీతా జింకను తిన్నా అతనికి నష్టమే. దానికి కుక్క చేసేదేమీ లేదు. పైగా కుక్కలు నక్కలను చంపుతాయి. ఒక జంతువును కాపాడబోయి ఇంకోదాన్ని చంపించడం ఈ పథకంలో తక్కువగా మాట్లాడుకునే భాగం.

బోట్స్‌వానాలో స్థానిక ట్స్వానా కుక్కలనే మందలో పెంచి ఇదే పని చేయిస్తున్నారు. అవి చవక, ఆ ఎండకు పుట్టినవి. జాతి కంటే పెంపకానికే విలువ ఎక్కువని అది చెబుతోంది. గొర్రెల మందల వెంట ఊరకుక్కలనే తిప్పే రాయలసీమ, తెలంగాణ కాపరులకు ఇదేం వింత కాదు.

చీతా కూడా మనకు కొత్తది కాదు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో కనిపించినట్టు 1952లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇప్పుడు కూనో దాటిన చీతాలు ఊళ్ల మేకలను పట్టిన సందర్భాలున్నాయి. అలాగని నమీబియా పద్ధతిని ఉన్నదున్నట్టు అక్కడ దించలేం. కూనోలో చిరుతపులులు ఎక్కువ. చీతాలా అవి కుక్కకు జడవవు, కుక్కనే ఎత్తుకుపోతాయి. టర్కీలో తోడేలు గొంతు పట్టకుండా కాపరులు వేసే ఇనుప ముళ్ల పట్టీ, ఒకటికి బదులు రెండు కుక్కలు, రాత్రికి గట్టి దొడ్డి ఉంటేనే అక్కడ ఆలోచించాలి. టీకాలు వేయని కుక్కను అడవి అంచుకు పంపితే అది మోసుకెళ్లే డిస్టెంపర్ చీతాకే ముప్పు.