అసూయ: విశ్వాసుల్లో ఉన్న అపోహలు, లేఖనం చూపే వాస్తవాలు

సంఘకాపరిగా నా దగ్గరకు వచ్చేవారు కోపాన్ని, అప్పులను, వ్యసనాలను, చివరకు మోహపు తలంపులను కూడా కన్నీళ్లతో ఒప్పుకుంటారు. కానీ ఫలానా వ్యక్తి బాగుపడటం చూసి తట్టుకోలేకపోతున్నానని నేరుగా చెప్పేవారు చాలా అరుదు. అసూయ తన పేరు చెప్పుకుని రాదు. న్యాయం పేరుతోనో, సంఘక్షేమం పేరుతోనో, ఎదుటివారి ఆత్మీయ స్థితి పట్ల భారం పేరుతోనో వస్తుంది కాబట్టి దాన్ని పెంచుకుంటున్నవారికే అది కనిపించదు. దాని చుట్టూ అల్లుకున్న అపోహలు చాలావరకు ఈ మారువేషం వల్ల పుట్టినవే.

అపోహ: అసూయ చిన్న బలహీనత, మనసులో ఉన్నంతవరకు ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: బైబిలులో మొదటి హత్యకు ముందు కయీనుకు హేబెలు చేసిన అపకారం ఒక్కటీ కనిపించదు. తమ్ముడి అర్పణ అంగీకరించబడటమే అన్నకు సహించరానిదైంది. వాకిట పాపం పొంచి ఉందని దేవుడు హెచ్చరించింది హత్య జరిగాక కాదు, ముఖం చిన్నబుచ్చుకున్న దశలోనే. యోసేపు అన్నలు అతణ్ణి 20 తులముల వెండికి అమ్మడానికి చాలా ముందే అతనితో సమాధానంగా మాట్లాడలేకపోయారని ఆదికాండము 37వ అధ్యాయం చెబుతుంది. పలకరింపు పొడిబారినప్పుడే ఆ ఇంట్లో పాపం పని మొదలుపెట్టింది. యేసును అసూయచేతనే అప్పగించారని అన్యుడైన రోమా అధిపతి పిలాతుకు కూడా తెలిసింది. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు దీన్ని విగ్రహారాధన, మత్తతల వరుసలోనే చేర్చాడు. ఇక అసూయపడేవాడి సంగతికొస్తే, “మత్సరము ఎముకలకు కుళ్లు” అంటుంది సామెతల గ్రంథం. తిండిపోతుకు కనీసం నోటికి రుచి దక్కుతుంది, అసూయపరుడికి ఆ పాటి సుఖమూ లేదు.

అపోహ: లేనివారికి ఉన్నవారిని చూసి పుట్టేదే అసూయ, మనకూ ఆశీర్వాదం వస్తే అదే పోతుంది.

వాస్తవం: సౌలుకు సింహాసనం ఉంది, సైన్యం ఉంది, అయినా నిన్నటిదాకా గొర్రెలు కాసిన యువకుడి మీద అతనికి కన్నుకుట్టింది. ఆ యువకుడు దావీదు. యుద్ధం నుండి తిరిగి వస్తుండగా స్త్రీలు పాడిన పాటను జాగ్రత్తగా చూడండి: సౌలు వేలకొలది శత్రువులను హతం చేశాడని మొదట పొగిడింది అతణ్ణే, ఆ తరువాతే దావీదు పదివేలకొలది అన్నారు. సౌలుకు దక్కిన ఘనతలో వీసమైనా తగ్గలేదు, పక్కన పెట్టిన లెక్క పెద్దదైంది, అంతే. “నాటనుండి సౌలు దావీదుమీద విషపు చూపు నిలిపెను” అని 1 సమూయేలు 18వ అధ్యాయం చెబుతుంది. అదే అధ్యాయంలో, అదే ఇంట్లో, దావీదు వల్ల నిజంగా రాజ్యం కోల్పోవలసిన సౌలు కుమారుడు యోనాతాను తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును తీసి అతనికి ఇచ్చేశాడు. తండ్రీకొడుకుల ఎదుట ఉన్నది ఒకే దావీదు. కాబట్టి ఎదుటివాడి విజయం అసూయకు సందర్భమే గాని కారణం కాదని నేను అంటాను.

తోటివాడి మేలు చూసి కలిగే దుఃఖమే అసూయ అని 13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ వివరిస్తూ, అది మనకు బహుదూరంలో ఉన్నవారి మీద గాక దగ్గరివారి మీదే పుడుతుందని గుర్తించాడు. సంఘంలో చూసినా అంతే: పాటలు పాడేవారికి పాడేవారి మీద, ప్రసంగికుడికి మరో ప్రసంగికుడి మీద, తోడికోడలికి తోడికోడలి మీద. యాకోబు భార్యలైన అక్కచెల్లెళ్లలో, భర్త ప్రేమ పొందిన రాహేలు పిల్లలున్న అక్కను చూసి అసూయపడింది, పిల్లలున్న లేయా భర్త ప్రేమ కోసం తపించింది. వచ్చిన ఆశీర్వాదం ఏ ఒక్కరి కొరతనూ తీర్చలేదు.

అపోహ: నాది అసూయ కాదు, న్యాయం కోసం అడుగుతున్నాను.

వాస్తవం: కొన్నిసార్లు నిజంగానే అది న్యాయమైన ప్రశ్న. కూలి బిగబట్టిన యజమానులను యాకోబు పత్రిక తీవ్రంగా గద్దిస్తుంది, అన్యాయానికి గురైనవారిని అసూయపరులని నోరు మూయించడం కూడా పాపమే. అయితే మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట పనివారి సంగతి వేరు. పొద్దున్నే వచ్చినవారికి ఒప్పుకున్న దేనారము, అంటే ఒక రోజు కూలి, పూర్తిగా అందింది. యజమాని వారికే మొదట ఇచ్చి పంపివేసి ఉంటే వారు సంతోషంగా వెళ్లిపోయేవారు. చివర వచ్చినవారికి ముందుగా, అదే దేనారము ఇవ్వడం కళ్లారా చూశారు గనుకనే సణిగారు. “నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా” అని యజమాని అడిగిన ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరకు వచ్చేవారిని నేను ఒకటే అడుగుతాను: మీకు రావలసినది పూర్తిగా వచ్చి, ఆయనకు ఉన్నది ఆయన దగ్గరే ఉంటే మీకు నెమ్మది కలుగుతుందా? కలుగుతుందంటే అది న్యాయం కోసం ఆకలి. ఆయనది పోతే గాని నెమ్మది లేదంటే అది మరొకటి.

అపోహ: ప్రార్థనాపరులకు, పరిచర్యలో ఉన్నవారికి అసూయ అంటదు.

వాస్తవం: కొందరు అసూయచేతను, కలహబుద్ధిచేతను క్రీస్తును ప్రకటిస్తున్నారని పౌలు ఫిలిప్పీయులకు సూటిగా రాశాడు. ఎల్దాదు, మేదాదు అనే ఇద్దరు ఇశ్రాయేలీయుల పాళెములో ప్రవచిస్తుంటే వారిని ఆపమని మోషేను కోరింది అతని సేవకుడైన యెహోషువ అంతటివాడు. ఇప్పటి ప్రార్థన కూటంలో ఇది ఎలా ఉంటుందో చెబుతాను. ఒక సహోదరి కుమారుడికి మంచి ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెబుతుంది, అందరూ స్తోత్రం అంటారు. కూటం ముగిశాక చెప్పులు వేసుకుంటూ మరొకామె, “ఆ అబ్బాయి కోసం మనం భారంగా ప్రార్థించాలక్కా, ఈ మధ్య మందిరానికి సరిగా రావడం లేదట” అంటుంది. మాట మృదువుగానే ఉంటుంది, ప్రార్థన మనవి రూపంలోనే ఉంటుంది, కానీ విన్నవారి మనసులో ఇందాకటి సాక్ష్యం చిన్నబోతుంది. 6వ శతాబ్దం చివర రోము సంఘాన్ని నడిపిన గ్రెగొరీ అసూయకు పుట్టే సంతానంలో గుసగుసలను, కొండేలను లెక్కించాడు.

అపోహ: అసూయ కలిగిందంటే నా రక్షణే నిజం కాదు.

వాస్తవం: ఆసాపు దేవాలయ గాయకుడు. భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డానని, తన అడుగులు జారడానికి కొంచెమే మిగిలిందని 73వ కీర్తనలో చెప్పాడు. ఆ ఒప్పుకోలును దాచలేదు, ఆరాధనలో పాడేందుకే ఇచ్చాడు.

అపోహ: పశ్చాత్తాపపడితే, ఎవరి మీద అసూయపడ్డామో వారి దగ్గరకే వెళ్లి చెప్పాలి.

వాస్తవం: అది హృదయంలోనే ఉండిపోయినప్పుడు దేవుని దగ్గర, నమ్మకమైన ఒక పెద్ద దగ్గర ఒప్పుకుంటే చాలు. ఏమీ ఎరుగని మనిషి దగ్గరకు వెళ్లి “ఇన్నాళ్లు నీ ఎదుగుదల చూసి ఓర్వలేకపోయాను” అంటే మన బరువు దిగుతుందేమో గాని అది వారి నెత్తికెక్కుతుంది. అసూయ మాటగా మారి వారి పేరు చెడగొట్టి ఉంటే మాత్రం పద్ధతి మారుతుంది. అప్పుడు వారిని క్షమాపణ అడగడంతో పాటు, మనం ఆ మాట ఎవరెవరి చెవిన వేశామో వారందరి దగ్గరకు వెళ్లి, నేను చెప్పినది సరికాదని అదే నోటితో చెప్పాలి. చాలామంది మొదటిదానికి ఒప్పుకుంటారు, రెండవదానికి వచ్చేసరికి వెనకాడతారు.