ఒంగోలు ఎండలో పాలమూరు వాటా

"సార్, కోస్తాల 37కే వడగాలి అంటున్నరు. గదే దినం మా దేవరకొండల 39 ఉన్నది, మాకేమో ఏం చెప్పలే. సముద్రం పక్కనున్నోళ్లంటే గంత ముద్దా?"

ఒంగోలుకు బిడ్డనిచ్చిన ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్న ఇది. మార్చి నెల, అశ్విని కార్తె కూడా ఇంకా రాలేదు. కోస్తాలో ఎండలు మామూలు కంటే ఐదు డిగ్రీల దాకా ఎక్కువుంటాయని వాతావరణ శాఖ సూచన. టీవీల్లో మ్యాపు మీద మంటల బొమ్మలు. అల్లుడు ఫోన్ చేసి "ఇక్కడ నిలవలేకపోతున్నాం మామయ్యా" అంటే ఈయనకు నవ్వొచ్చిందట. నల్లగొండ మనిషికి 37 అంటే నవ్వు రావడం సహజమే.

ముద్దు సంగతి ముందు తేల్చేద్దాం. మైదాన ప్రాంతంలో వడగాలి అనాలంటే పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండాలి, పైగా ఆ తేదీకి అక్కడ మామూలుగా ఉండేదాని కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువుండాలి. తీరంలో 40 బదులు 37 చాలు, మిగతా లెక్క అదే. 45కు చేరితే మామూలుతో పోల్చే పనే లేదు. మార్చి నెలాఖరుకు దేవరకొండలో 39 వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు కాబట్టి హెచ్చరిక రాలేదు. అంతే.

ఈ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న దాగి ఉంది. నాకు అసలు ఆసక్తి దాని మీదే. పక్కనే అంత సముద్రం పెట్టుకుని కోస్తా మార్చిలోనే ఎందుకు ఉడికిపోవాలి? ఈ ఏడు రాజు కుజుడు కాబట్టి అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఉగాది ఏ వారం పడితే ఆ వారాధిపతే ఆ ఏడాదికి రాజు. మంగళవారం పడితే కుజుడు. గాలికి వారాలు తెలియవు, ఎత్తుపల్లాలు మాత్రం బాగా తెలుసు.

పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు వేడెక్కదు, సముద్రం మీంచి గాలి నేల మీదికి వీస్తుంది. దీన్ని హైస్కూలు పిల్లలు బాణం గుర్తులతో సహా గీసేస్తారు, నేను మళ్లీ చెప్పను. ఆ బొమ్మలో ఎవరూ గీయనిది ఒకటుంది, ఎదురు గాలి. వేసవి మొదట్లో దక్కన్ మీద ఉత్తర దక్షిణంగా ఒక ద్రోణి, అంటే పీడనం తక్కువుండే పొడవాటి పట్టీ, ఏర్పడుతుంటుంది. దానికి తూర్పున బంగాళాఖాతం నుంచి తేమ గాలి వస్తుంది, పడమటి వైపు పొడి గాలి వాయవ్యం నుంచి వీస్తుంది. ద్రోణి ఉండాల్సిన చోటు నుంచి తూర్పుకు జరిగి తీరం మీదికొస్తే కోస్తా మొత్తం పొడి గాలి చేతికి చిక్కుతుంది. ఆ గాలి మన తెలంగాణ మీదుగానే వెళ్తుంది. మన మీదుగా వెళ్తూ కిందికి దిగుతుంది. కథంతా ఈ దిగడంలోనే ఉంది.

సైకిల్ పంచర్ షాపులో పంపు కొడుతున్నప్పుడు గొట్టం అడుగు భాగాన్ని ఎప్పుడైనా ముట్టుకున్నారా? చురుక్కుమంటుంది. రాపిడి వల్ల అనుకుంటారు చాలామంది. రాపిడే అయితే వాషరు తిరిగిన గొట్టమంతా ఒకేలా కాలాలి. కాలేది అడుగునే, గాలి ఇరుక్కుని నొక్కుకుపోయే చోట. గాలిని బయటి నుంచి వేడి చేయకుండా ఊరికే నొక్కినా వేడెక్కుతుంది, ఎందుకంటే నొక్కడానికి మన చెయ్యి పెట్టిన శ్రమ ఆ గాలిలోకే చేరుతుంది. ఇంటర్ ఫిజిక్సులో స్థిరోష్ణక ప్రక్రియ అని మార్కుల కోసం బట్టీ పట్టేది దీన్నే. పీడనం, ఘనపరిమాణం, గామా 1.4 అని పిల్లలు గడగడా అప్పజెప్తారు. ఒంగోలు ఎండకూ దానికీ సంబంధం ఉందని చెప్పిన క్లాసు నేను చూడలేదు.

ఆకాశంలో పంపు కొట్టే చెయ్యి ఏదంటే, మీదున్న గాలి బరువు. ఎత్తు నుంచి కిందికి దిగేకొద్దీ మీద బరువు పెరుగుతుంది, గాలి నొక్కుకుపోతుంది, వేడెక్కుతుంది. పొడి గాలికి లెక్క కచ్చితంగా ఉంటుంది, కిలోమీటరు దిగితే 9.8 డిగ్రీలు. మన అడుగుల భాషలో వెయ్యి అడుగులకు దాదాపు 3 డిగ్రీలు.

ఇప్పుడు కృష్ణ వెంబడి రండి. పాలమూరు, నల్లగొండ రైతులకు ఈ అంకెలు ఎవరూ నేర్పక్కర్లేదు, వానాకాలంలో రోజూ పేపర్లో చూసేవే. పూర్తిగా నిండితే జూరాల 1,045 అడుగులు, శ్రీశైలం 885, సాగర్ 590, పులిచింతల 175, ప్రకాశం బ్యారేజీ 57. అవన్నీ సముద్రమట్టం నుంచి లెక్కేసిన ఎత్తులు. జూరాల నుంచి శ్రీశైలం మట్టానికి దిగిన గాలికి అర డిగ్రీ, అక్కడి నుంచి సాగర్‌కు ఇంకో 0.9, సాగర్ నుంచి పులిచింతలకు 1.2. జూరాల మట్టం నుంచి బీచి దాకా మొత్తం 3 డిగ్రీల పైచిలుకు. మహబూబ్‌నగర్ పట్టణం ఇంకా ఎత్తు, సుమారు 500 మీటర్లు. అక్కణ్నుంచి బయల్దేరిన గాలి సముద్రమట్టానికి చేరేసరికి దాదాపు 5 డిగ్రీలు కలుస్తాయి.

సూటిగా లెక్క కట్టి చూద్దాం. వేసవిలో పాలమూరులో పీడనం సుమారు 950 హెక్టాపాస్కల్స్, తీరంలో 1,005. నిష్పత్తి 1.058. దాన్ని 0.286 ఘాతానికి (ఇందాకటి గామా 1.4 నుంచి వచ్చే అంకె) హెచ్చిస్తే 1.016. పాలమూరులో 40 సెల్సియస్ అంటే 313 కెల్విన్. 1.016తో గుణిస్తే 318, అంటే 45 సెల్సియస్. మధ్యలో ఎండ దాన్ని కొత్తగా ఏమీ వేడి చేయకపోయినా ఇంత. గాలి ఎంత ఎత్తున ఉన్నా దాన్ని ఒకే పీడనానికి తెచ్చి పోల్చే ఈ కొలతను పొటెన్షియల్ టెంపరేచర్ అంటారు. ఆ కొలతలో చూస్తే 40 ఉన్న పాలమూరూ 45 ఉన్న ఒంగోలూ సమానమే. ఇద్దరిదీ ఒకే గాలి, అల్లుడికి అది నొక్కుకుని అందింది. మధ్యలో నల్లమల అడ్డముంది కదా, చల్లబడదా అంటారేమో. కొండ ఎక్కేటప్పుడు చల్లబడుతుంది నిజమే, కానీ మేఘం, వాన లేని పొడి గాలి ఎక్కినప్పుడు పోగొట్టుకున్నదంతా దిగేటప్పుడు తిరిగి రాబట్టుకుంటుంది.

పాలమూరు నుంచి ఒంగోలుకు గీత గీస్తే 260 కిలోమీటర్లు. గాలి గంటకు 25 కిలోమీటర్ల చొప్పున పోయినా పది గంటల పైమాటే, సాయంత్రం ఐదింటికి బయల్దేరినది చేరేసరికి తెల్లవారుజాము. తెల్లవారుజామున ఒంగోలులో 45 ఏముంటుంది? ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మన మీద గాలి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలగలిసిపోతుంది, నేల తాకిడి వేడి అంత మందాన నిండుతుంది. పొద్దుగూకాక నేల దగ్గరి పలుచని పొర చల్లబడుతుంది, పైనున్న మందపు పొర మాత్రం వేడి పోగొట్టుకోకుండా గాలివాటున కోస్తా మీదికి జరుగుతుంది. రాత్రి డాబా మీద పడుకున్నవాళ్లకు అది తెలియదు, చల్లగానే ఉంటుంది. తెల్లారి తొమ్మిది పది దాటాక ఎండకు కింది పొర వేడెక్కి పైదాంతో కలిసిపోతుంది. ఇక థర్మామీటరు ఎగబాకుతుంది. నిన్నటి పాలమూరు మధ్యాహ్నం ఇవాళ్టి ఒంగోలు మధ్యాహ్నంలో కలిసేది అలా.

నల్లగొండ మీదుగా కోస్తాకు పోయే గాలికైతే దారిలో వేడికి కొంత కోత పడే చోటు ఒకటుంది. యాసంగిలో సాగర్ నీళ్లొస్తే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కనుచూపు మేర వరి. మార్చిలో అది పచ్చగా, పాలు పోసుకునే దశలో ఉంటుంది. ఒక కిలో నీరు ఆవిరి కావాలంటే 2,400 కిలోజౌళ్లు కావాలి, ఆ మేరకు ఎండ గాలిని వేడి చేయకుండా నీటి మీద ఖర్చయిపోతుంది. కాలువకు నీళ్లు వదలని ఏడు ఆ తగ్గింపు లేదు, కోతలైన మేలో ఏ ఏడూ లేదు.

ఇక సముద్రం గాలి. అది ఎక్కడికీ పోదు, తీరానికి కొన్ని కిలోమీటర్ల అవతల నీటి మీదే ఆగి ఉంటుంది. మామూలు రోజుల్లో పొద్దున పదకొండుకల్లా ఊళ్లోకొచ్చేది, పడమటి గాలి బలంగా ఉంటే రెండుకో మూడుకో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. తీరంలో పగటి గరిష్ఠం ఎంతన్నది చాలావరకు ఆ గాలి ఎన్నింటికొచ్చిందన్న దాని మీదే ఉంటుంది. ఫోర్‌కాస్టు చెప్పేవాళ్లకు టెన్షన్ కూడా అక్కడే, గంట తేడా పడితే మూడు డిగ్రీలు తప్పిపోతాయి. ఒంగోలులో ఉన్నవాళ్లు ఫోన్‌లో డిగ్రీలు చూడటం కంటే పొద్దున పదకొండింటికి గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో చూసుకోవడం మేలు.

సముద్రం గాలి వచ్చాక అరగంటలో నాలుగైదు డిగ్రీలు పడిపోవడం మామూలే. హమ్మయ్య అనుకునేలోపు ఉక్కపోత మొదలవుతుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. 44 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం ఉంటే తడిగుడ్డ థర్మామీటరు 23 దగ్గర ఆగుతుంది. 35 డిగ్రీలే ఉండి తేమ 65 శాతం అయితే అది 29 చూపిస్తుంది. చెమట ఆరి ఒళ్లు చల్లబడాలంటే రెండోదే కష్టం. మొదటి రకం గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, నీళ్లు తాగకపోతే ఒంట్లో నీరు ఎప్పుడు ఇంకిపోయిందో కూడా తెలియదు. అందుకే వాతావరణ శాఖ వడగాలికి ఒక హెచ్చరిక, వేడితో కూడిన ఉక్కపోతకు ఇంకొకటి విడివిడిగా ఇస్తుంది. పడమటి గాలి మధ్యాహ్నం దాకా ఉండి ఆ తర్వాత సముద్రం గాలి తిరిగిన రోజున తీరంలో రెండూ ఒకే పూట వరసగా అనుభవంలోకి వస్తాయి.