పెద్ద జంట మధ్య చిన్న జంట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన నాణెం ఫొటోను భూతద్దం పెట్టి చూశాను. ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలుపుకున్న ఆ పెద్దవాళ్లు రోమన్ చక్రవర్తి ఆంటోనైనస్ పయస్, ఆయన భార్య ఫౌస్టీనా. వారి మధ్య బొమ్మల్లా కనిపిస్తున్న ఇద్దరూ మీరనుకున్నట్టు పసిపిల్లలు కారు. ఒకరు ఆ దంపతుల కూతురు, ఆమె పేరూ ఫౌస్టీనాయే; రెండోవాడు ఆమెకు కాబోయే భర్త మార్కస్ ఆరీలియస్. హోదాలో చిన్నవారు కనుక చిన్నగా చెక్కారు, అంతే.

మార్కస్ పెద్ద ఫౌస్టీనాకు తోడబుట్టినవాడి కొడుకు. అంటే మన లెక్కలో అతను మేనత్త కూతురినే చేసుకున్నాడు! అయితే దీన్ని పెళ్లి ఫొటోలా చూడకండి. క్రీ.శ. 138లో హేడ్రియన్ చక్రవర్తి ఆంటోనైనస్‌ను దత్తత తీసుకుంటూ, అతను మార్కస్‌నూ లూషియస్ అనే మరో బాలుణ్ణీ దత్తత తీసుకోవాలని షరతు పెట్టాడు. అల్లుడయ్యేవాడే వారసుడని ఊరూరా తెలియాలంటే, పత్రికలు లేని ఆ కాలంలో చేతులు మారే నాణేన్ని మించిన గెజిట్ ఏముంది? పెళ్లి 145లో జరిగింది. నాణెం అంతకుముందే వెలువడింది.

చుట్టూ ఉన్న 'కాంకార్డియే' అనే లాటిన్ మాటకు 'కాంకార్డియాకు' అని అర్థం. ఆమె సామరస్యానికి దేవత. పెద్ద ఫౌస్టీనా 140లో కన్నుమూశాక, ఓస్టియా రేవు పట్టణంలో కొత్త దంపతులు ఈ చక్రవర్తి దంపతుల విగ్రహాల ముందున్న బలిపీఠం దగ్గర ప్రార్థన చేయాలని తీర్మానించి, ఆ మాట శాసనంగా చెక్కించారు.

ఈ నాణేన్ని సెస్టర్షియస్ అంటారు. కంచు నాణెమని అందరూ అంటున్నా, రాగిలో జింకు కలిపిన ఆ లోహం నిజానికి ఇత్తడి. బరువు ఇంచుమించు 25 గ్రాములు. మన పది రూపాయల బిళ్లలు మూడు కలిపి తూచినా అంత తూగవు. ఇలాంటివి నాలుగు ఇస్తే ఒక వెండి డెనారియస్, వంద ఇస్తే ఒక బంగారు ఆరియస్.

నాణెం చెప్పినదల్లా నమ్మాలా అని పెద్దమ్మాయి అడిగింది. మార్కస్ కొడుకు కొమొడస్ 178లో క్రిస్పీనాను పెళ్లాడాడు. ఆమె పేరిట వేసిన నాణేల మీదా కాంకార్డియా పేరు ఉంది. కొన్నేళ్లకు ఆ భర్తే ఆమెను కాప్రీ దీవికి వెళ్లగొట్టాడు; తర్వాత చంపించారు.

మరొక్క మాట. పెద్ద ఫౌస్టీనా నాణెం ఒకటి మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ దొరికింది. అది ఇత్తడిది కాదు, బంగారం. చిల్లర డబ్బును సముద్రం దాటించి ఏ వర్తకుడు తెస్తాడు చెప్పండి?

మీ తాతయ్య