మెడ వెన్నుకు దెబ్బ తగిలితే

మెడకు గట్టి దెబ్బ తగిలిన మనిషిని చూసి చుట్టూ ఉన్నవారు ఎముక విరిగిందేమోనని కంగారుపడతారు గాని, వైద్యుడి ఆందోళనంతా ఆ ఎముకల మధ్యగా సాగే వెన్నుపాము గురించే. విరిగిన ఎముక అతుక్కుంటుంది. వెన్నుపాములో తెగిన నాడీతంతువులు మళ్లీ మునుపటిలా కలవవు. పైగా మెడ నుంచి వెలువడే ఎనిమిది జతల నాడుల్లో మూడు, నాలుగు, ఐదు జతలే ఊపిరికి ప్రధాన ఆధారమైన డయాఫ్రమ్ కండరాన్ని నడిపిస్తాయి కనుక, అంతకంటే పైన వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే కాళ్లూ చేతులతో పాటు శ్వాస కూడా ఆగిపోతుంది.

అలాగని దెబ్బ తగిలిన ప్రతివారికీ స్కాన్ అక్కర్లేదు. పూర్తి స్పృహలో, నిలకడగా ఉన్నవారి కోసం కెనడా వైద్యులు 2001లో ఒక నియమాన్ని ప్రకటించారు. 65 ఏళ్లు నిండినా, మీటరు ఎత్తు నుంచి పడినా, వాహనం బోల్తా కొట్టినా, కాళ్లూ చేతుల్లో తిమ్మిరి ఉన్నా స్కాన్ తప్పదు. ఇలాంటివేవీ లేక, లేచి నడవగలగడం వంటి ఊరటనిచ్చే గుర్తు ఒకటైనా ఉంటే, మెడను రెండు వైపులా 45 డిగ్రీల చొప్పున తిప్పమంటారు; తిప్పగలిగితే చాలు. వైద్యుడి సమక్షంలో తప్ప చేయకూడని పరీక్షే అయినా, ఇంత సాదాగా ఉండటం ముచ్చటేస్తుంది.

స్కాన్ అవసరమైతే, కొన్ని విరుగుళ్లను ఎక్స్‌రే పట్టుకోలేదు కనుక పెద్దల విషయంలో నేరుగా సీటీకే వెళతారు. అయితే సీటీలో ఎముకలన్నీ బాగున్నట్టే కనిపించినా, బోర్లా పడిన వృద్ధుడు చేతులు ఎత్తలేకపోవచ్చు, కాళ్లలో మాత్రం కొంత బలం మిగిలి ఉండవచ్చు. వయసుతో ఇరుకైన వెన్నుకాలువలో, తల వెనక్కి విరిగిన క్షణాన వెన్నుపాము నలిగిపోవడమే దీనికి కారణం. ఆ నలుగుడును, ఎముకలను కలిపి ఉంచే స్నాయువులు తెగితే వాటిని చూపేది ఎంఆర్‌ఐ.

తొలి దెబ్బను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆ తర్వాత వాపు వల్ల, రక్తం అందక జరిగే రెండో నష్టాన్ని తగ్గించడానికే చికిత్స: మెడను కదలనీయకపోవడం, రక్తపోటు పడిపోకుండా చూడటం, వెన్నుపాముపై ఒత్తిడి ఉంటే వీలైనంత వరకు 24 గంటల్లోపు శస్త్రచికిత్సతో దాన్ని తొలగించడం. 1990 తర్వాత విరివిగా వాడిన అధిక మోతాదు స్టెరాయిడ్లను, ఇన్ఫెక్షన్లు, జీర్ణకోశంలో రక్తస్రావం వంటి దుష్ఫలితాల దృష్ట్యా ఇప్పుడు అందరికీ ఇవ్వడం లేదు.

మెడ కదలకుండా చుట్టూ బిగించే గట్టి కాలర్‌ను కూడా అవసరానికి మించి ఉంచకూడదు. దాని కింద చర్మం ఒరిసి పుండ్లు పడతాయి. ఎముకకు, నాడులకు గాయం లేదని తేలిన మెడనొప్పికైతే, కాలర్‌తో వారాల తరబడి బిగించి ఉంచడం కంటే మెల్లగా కదిలించడం మొదలుపెట్టడమే మేలు.