రోడ్డు కింద పైపు, పైపు ముందు చేప

పది సెంటీమీటర్ల చేప ఒకటి వాగులో ఎదురీదుకుంటూ వస్తోంది. ఎదురుగా రోడ్డు అడ్డం వచ్చింది. వాగు నీళ్లు రోడ్డు కింద నుంచి ఇవతలికి రావడానికి వేసిన సిమెంటు పైపు ఒకటుంది, పొడవు 12 మీటర్లు. అందులో నీళ్లు సెకనుకు 0.8 మీటర్ల వేగంతో వస్తున్నాయి, అంటే మనం తీరిగ్గా నడిచే వేగం కూడా కాదు. ఈ చేప అవతలికి చేరుతుందా?

లెక్క వేద్దాం. చిన్న చేప ప్రాణం పెట్టి ఈదితే సెకనుకు తన ఒంటి పొడవుకు పది రెట్ల దూరం పోతుందని మా పనిలో ఒక మోటు లెక్క వాడతాం. అంటే దీనికి సెకనుకు ఒక మీటరు. అందులో 0.8 నీళ్లే తినేస్తాయి, మిగిలేది 0.2. ఆ చొప్పున 12 మీటర్లు దాటడానికి నిమిషం కావాలి. కానీ ఆ ఊపుని అది పట్టుమని 20 సెకన్లు కూడా నిలబెట్టుకోలేదు, ఎందుకంటే ఇలాంటి పరుగు తీసేది ఒంట్లోని తెల్ల కండరం, అది ఆక్సిజన్ కోసం ఆగకుండా ఉన్న సరుకంతా ఒక్కసారిగా తగలేస్తుంది. 4 మీటర్లు వెళ్లేసరికి చేప పని అయిపోయింది. నీళ్లతో పాటే వెనక్కి కొట్టుకొస్తుంది, మళ్లీ ప్రయత్నించే ఓపిక రావడానికి గంటలు పడుతుంది. చూసేవాళ్లకి మాత్రం అక్కడ ఏ అడ్డంకీ లేదు. పైపు ఉంది, నీళ్లు పారుతున్నాయి, ఇంకేం కావాలి?

ఇలాంటి పైపుల్ని వెతకడం, కొలవడం, వీలైతే తీయించడం నా ఉద్యోగం. బయాలజిస్టునని చెప్పుకుంటాను గానీ ఏడాదిలో చేపని పట్టుకునే రోజుల కన్నా టేపు పట్టుకునే రోజులే ఎక్కువ.

చేపల దారికి అడ్డం అనగానే అందరికీ పెద్ద ఆనకట్టలే గుర్తొస్తాయి. అవి అడ్డమే, కాదనను. కానీ లెక్కలో ఎక్కువ ఉండేవి చిన్నవి. యూరప్‌లో 36 దేశాల నదుల్ని లెక్కగట్టి 2020లో ఒక అధ్యయనం వచ్చింది. కనీసం 12 లక్షల అడ్డంకులు ఉన్నాయని తేలింది, వాటిలో మూడింట రెండొంతులు రెండు మీటర్ల ఎత్తు కూడా లేనివి. పాతకాలపు మిల్లు గట్లు, చిన్న చిన్న చెక్‌డ్యాములు, రోడ్ల కింద కల్వర్టులు. వీటిలో చాలావాటి గురించి ఏ రికార్డులోనూ ఉండదు, వాగు వెంట నడుచుకుంటూ వెళ్తేనే కనబడతాయి.

కల్వర్టుల దగ్గర నేను ఎక్కువగా చూసే జబ్బు ఏంటంటే, పైపు దిగువ మూతి గాలిలో వేలాడుతూ ఉంటుంది. అందులోంచి నీళ్లు కొళాయిలోంచి పడ్డట్టు కింద గుంటలోకి పడుతుంటాయి. ఎవడ్రా ఇంత ఎత్తున పెట్టింది అని మొదట్లో నేనూ విసుక్కునేవాణ్ణి. ఎవరూ పెట్టలేదు. పెట్టిన రోజు అది వాగు అడుగుకి సమానంగానే ఉంది. జరిగిందేంటంటే, మూడు మీటర్ల వెడల్పున్న వాగుని మీటరు పైపులోకి దూర్చారు. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. వరద వచ్చినప్పుడు మాత్రం నీళ్లన్నీ ఎగువన గుమికూడి, ఆ ఇరుకు సందులోంచి దూసుకొచ్చి, బయటపడ్డ చోట రాళ్లనీ ఇసుకనీ తవ్వేస్తాయి. గుంట పడుతుంది. ఎగువ నుంచి రావాల్సిన గులకరాళ్లు పైపు ముందే ఆగిపోతాయి కాబట్టి ఆ గుంట పూడదు, ఏటా లోతవుతుంది, దాని దిగువన వాగు అడుగు కూడా కుంగుతుంది. పదేళ్లు గడిచేసరికి పైపు మూతి, నీటి మట్టం మధ్య అర మీటరు తేడా. అంటే ఆ మెట్టుని కట్టింది మేస్త్రీ కాదు, వాగే.

చేపలు ఎగరవా అని అడుగుతారు. ఎదిగిన సాల్మన్ ఎగురుతుంది, దూకడానికి ముందు ఊపు తీసుకునేంత లోతు కింద గుంటలో ఉంటే. దాని పిల్ల అంత ఎత్తు ఎగరలేదు. వాగు అడుగున రాళ్ల మధ్య బతికే స్కల్పిన్ లాంటి చేపకైతే శరీరంలో నీళ్లలో తేలడానికి పనికొచ్చే గాలి తిత్తి కూడా ఉండదు, దానికి అర అడుగు మెట్టు అంటే గోడే. మనం ఫొటోల్లో చూసిన జలపాతం మీది సాల్మన్ వల్ల చేపలన్నీ అంతేననే భ్రమ బలంగా పాతుకుపోయింది.

అసలు వాగు చేప అంత కష్టపడి ఎక్కడికి పోవాలి, ఉన్నచోటే ఉండొచ్చుగా అని కూడా అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. గుడ్లు పెట్టడానికి ఒకచోటు, పెరగడానికి ఒకచోటు కావాలి. ఎండాకాలం ప్రధాన వాగు కాగిపోతే పక్కనున్న చల్లని పిల్లవాగులోకి జరగాలి. వరదకి కొట్టుకుపోయిన చేప తిరిగి రావాలి, రాకపోతే పైన జాగా మెల్లగా ఖాళీ అవుతుంది. ఇందులో ఎవరూ ఊహించని బాధితులు కూడా ఉన్నారు. మంచినీటి ఆల్చిప్పల్లో చాలా జాతుల పిల్లలు కొన్నాళ్లు చేపల మొప్పలకి అంటుకుని బతుకుతాయి, ఎగువకి వెళ్లడానికి వాటికున్న వాహనం అదే. చేప ఆగిపోతే ఆల్చిప్ప కూడా ఆగిపోతుంది.

ఒక్క కల్వర్టు దగ్గర వందలో 80 చేపలు దాటగలిగాయనుకోండి, బాగానే ఉందిగా అనిపిస్తుంది. అలాంటివే వరసగా ఐదుంటే చివరికి చేరేవి 33. పదుంటే 11 కూడా మిగలవు. అందుకే ఎక్కడో పైన ఒక్క పైపు మార్చి చేతులు దులుపుకుంటే లాభం లేదు, ముందు దిగువ నుంచి పైదాకా వరస మొత్తం చూడాలి.

మరి చేపల నిచ్చెన, అంటే అడ్డం పక్కన చేప ఎక్కేలా మెట్లు మెట్లుగా నీళ్లు పారే దారి, కడితే సరిపోదా? కొన్నిచోట్ల సరిపోతుంది. అమెరికాలో కొలంబియా నది మీద బోనవిల్ ఆనకట్ట 1938లోనే నిచ్చెనలతో మొదలైంది, ఇప్పటికీ సాల్మన్‌లు వాటిలోంచే ఎక్కుతున్నాయి. చిక్కెక్కడంటే నిచ్చెన ఎవర్ని మనసులో పెట్టుకుని కడితే వాళ్లకే పనికొస్తుంది. అదే నదిలో లాంప్రే అనే జీవి ఉంది, పాములా పొడుగ్గా ఉంటుంది, దవడలుండవు, గుండ్రటి నోటితో గోడకి అతుక్కుని, కాసేపు ఆగి, ముందుకి ఎగిరి మళ్లీ అతుక్కుంటూ ఎక్కుతుంది. సాల్మన్ కోసం కట్టిన నిచ్చెనలో గోడల మూలలు కోసినట్టు నిటారుగా ఉంటాయి. ఆ అంచు మీద నోరు అతుక్కోదు, పట్టు జారిపోతుంది. తర్వాత్తర్వాత మూలల్ని గుండ్రంగా చెక్కితే వాటికి దారి కాస్త తేలికైంది. కాంక్రీటు మూల గుండ్రంగా ఉందా లేదా అన్నదాని మీద ఒక జాతి ప్రయాణం ఆధారపడి ఉంటుందని డిజైన్ వేసినవాళ్లకి ఎలా తడుతుంది? దారి మూసుకుపోయిన చేప మన దేశంలోనూ ఉంది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక హిల్సా, అదే మన పులస, పైకి రావడం దాదాపు ఆగిపోయింది. అంతకుముందు అది అలహాబాద్ దాకా ఎక్కేది.

అందుకే నిచ్చెన అంటే నాకు పెద్ద మోజు లేదు. తప్పనిచోట కట్టాల్సిందే. కానీ చిన్న వాగు మీద మంచి దారి అంటే అక్కడ దారి ఒకటి ఉందని చేపకి తెలియకూడదు. పైపు తీసేసి, అడుగు లేని కమాను పెట్టి, దాని కింద వాగుని వాగులాగే పోనివ్వడం. దీనికి కొలత ఉంది. ఏడాదికో రెండేళ్లకో వచ్చే మామూలు వరదకి వాగు గట్లు నిండా పారే వెడల్పుని ముందు కొలుస్తాం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాడే సూత్రం ప్రకారం దానికి 1.2 రెట్లు, ఆపైన మరో రెండడుగులు. మూడు మీటర్ల వాగుకి సుమారు 4.2 మీటర్ల కమాను అన్నమాట. ఇది వినగానే రోడ్డు ఇంజినీర్ల మొహం మాడిపోతుంది, మీటరు పైపుతో పోయేదానికి ఇంత ఖర్చెందుకని.

వాళ్లకి నేను చేపల గురించి చెప్పడం మానేసి చాలా కాలమైంది. 2011లో ఐరీన్ తుఫాను వర్మాంట్ రాష్ట్రాన్ని ముంచెత్తినప్పుడు ఇరుకు కల్వర్టులు ఎక్కడికక్కడ కొట్టుకుపోయి రోడ్లు తెగిపోయాయి. అక్కడి జాతీయ అటవీ ప్రాంతంలో చేపల కోసమని అంతకుముందే వెడల్పుగా కట్టినవి మాత్రం నిలబడ్డాయి. కొట్టుకొచ్చే దుంగకైనా వరదకైనా కావాల్సింది జాగానే. ఈ కథ చెప్పాకే నా ఫైళ్లు కదలడం మొదలైంది.

కమాను పెట్టేస్తే పని అయిపోదు, కింద వాగు అడుగుని మన చేతులతో తయారుచెయ్యాలి. ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. మొదట్లో ఒకచోట శుభ్రంగా కడిగిన రాళ్లు, గులకరాళ్లు తెప్పించి పరిపించాను, ఇసుకా సన్నమట్టీ కలిస్తే నీళ్లు మురికవుతాయని. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నీళ్లు వదిలాం. వాగు వచ్చింది, రాళ్ల మధ్యలోకి ఇంకింది, కమాను అవతల మళ్లీ బయటపడింది. మధ్యలో పొడి రాళ్లు! ఎంతో ఖర్చు పెట్టి చేపకి దారి వేస్తే ఆ దారిలో నీళ్లే లేవు. ఆ ఎండాకాలమంతా ఫోన్ మోగితే టెన్షనే. రాళ్ల సందుల్లో సన్న ఇసుక, మట్టి పోసి, పైపుతో నీళ్లు కొడుతూ లోపలికి దిగ్గొట్టి, నీళ్లు పైన నిలబడేదాకా మళ్లీ పోస్తూ ఉండాలి. ప్రకృతిలో వాగు వందల ఏళ్లు చేసే పనిని మేం ఒక మధ్యాహ్నంలో చేస్తాం, అందుకే ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పొరపాటు దొర్లుతుంది.

పని మొదలయ్యే ముందు ఆ ముక్కలో ఉన్న చేపలన్నిటినీ బయటికి తీయాలి. పైనా కిందా వలలు కట్టి, వీపున బ్యాటరీ తగిలించుకుని, నీళ్లలోకి సన్నగా కరెంటు వదులుతూ నడుస్తాం. చేప క్షణం పాటు మొద్దుబారుతుంది, వలతో ఎత్తి గాలి బుడగలు వచ్చే బకెట్లో వేసి, ఎగువకో దిగువకో మోసుకెళ్లి వదులుతాం. కరెంటు ఎక్కువైతే వెన్ను విరుగుతుంది, తక్కువైతే రాయి కింద దూరి కూర్చుంటుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడే ముగించాలి, నీళ్లు వేడెక్కితే చేప తట్టుకోలేదు.

తర్వాత అసలు చేపలు దాటాయా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? బియ్యపుగింజ కన్నా కొంచెం పెద్దదైన చిప్‌ని చేప పొట్టలో పెడతాం. దానికి బ్యాటరీ ఉండదు. వాగు అడ్డంగా కట్టిన తీగ మీదుగా చేప వెళ్లినప్పుడు ఆ తీగ ఇచ్చే శక్తితోనే అది మేలుకుని తన నంబరు చెబుతుంది. అర్ధరాత్రి రెండింటికి ఏ చేప ఏ కమాను దాటిందో పొద్దున్నే కంప్యూటర్లో చూసుకోవచ్చు. చాలాసార్లు ఏమీ ఉండదు. ఉన్నరోజు టీ చల్లారిపోతుంది.

ఇదంతా ఎవరో దయతలిచి చేసేదనుకోకండి. వాషింగ్టన్ రాష్ట్రంలో కల్వర్టులు మారుతున్నది ఎక్కువగా కోర్టు వల్ల. 1854-55లో అక్కడి ఆదివాసీ తెగలతో చేసుకున్న ఒప్పందాల్లో చేపలు పట్టుకునే హక్కు ఉంది. చేపే పైకి రాకపోతే హక్కు దేనికని తెగలు 2001లో కోర్టుకెక్కాయి. పైపులు మార్చాలని 2013లో ఆదేశం వచ్చింది, 2018లో సుప్రీంకోర్టులో ఓట్లు 4-4 గా చీలిపోవడంతో కింది కోర్టు తీర్పే నిలబడింది. పెద్ద ఆనకట్టలు కూడా పోతున్నాయి. ఎల్వా నది మీదివి 2011-2014 మధ్య తీసేశారు. క్లామత్ నది మీద నాలుగింటి కూల్చివేత 2024లో పూర్తయింది, కొద్ది రోజులకే సాల్మన్‌లు వందేళ్లుగా చూడని ఎగువకి చేరిపోయాయి, ఎవరూ పిలవకుండానే.

ఇంత చెప్పిన నేనే ఒక పైపుని తీయొద్దని రాశాను. దాని మూతి నీళ్లకి 80 సెంటీమీటర్ల పైన వేలాడుతోంది. పైన వాగులో ఉన్నది ఒక్క స్థానిక జాతే, కింద ఉన్నది ఒకప్పుడు గాలం సరదా కోసం బయట నుంచి తెచ్చి వదిలిన ట్రౌట్, అది పైకెక్కితే స్థానిక చేపని తిని, గుడ్లు పెట్టే జాగా కూడా లాక్కుంటుంది. అమెరికా, కెనడా మధ్యనున్న మహా సరస్సుల్లో కూడా ఇంతే, బయటి నుంచి వచ్చిన సముద్రపు లాంప్రే వాగుల్లోకి ఎక్కకుండా చిన్న ఆనకట్టల్ని కావాలనే ఉంచుతారు. నా పైపు అడుగు ఇప్పుడు తుప్పు పట్టి చిల్లులు పడుతోంది, ఏదో ఒక వరదకి పోతుంది. అది పోయేలోపు దాని చోట చేప ఎక్కలేని గట్టి మెట్టు ఒకటి కట్టించాలి. ప్రస్తుతం ఆ డ్రాయింగే వేయిస్తున్నాను. రోడ్డు ఇంజినీరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొలతలు తలకిందులు రాశారేమో చూసుకోండి అన్నాడు.