సగం తెరిచిన ద్వారం: ‘బిదాయా వ నిహాయా’ వెనుక ఉన్న ఈజిప్టు

సలాహ్ అబూ సైఫ్ దర్శకత్వంలో 1960లో వచ్చిన ఈజిప్టు చిత్రం ‘బిదాయా వ నిహాయా’ (‘ఆరంభం, అంతం’)ను ఒక స్వార్థపరుడి పతనగాథగా చెప్పుకోవడం పరిపాటి. పేదరికాన్ని దాచిపెట్టి పెద్దల సరసన చేరాలని తహతహలాడిన హసనైన్ తన కుటుంబాన్నే బలిపెట్టాడన్న మాట నిజమే. అయితే అతడికి ఆ ఆశ పుట్టించిందెవరో, దానికి అంత ధర పెట్టిందెవరో తెలియాలంటే 1930ల నాటి కైరోను చూడవలసి ఉంటుంది.

చిత్రానికి ఆధారం నగీబ్ మహఫూజ్ 1949లో ప్రచురించిన నవల. దశాబ్దాల పాటు ప్రభుత్వోద్యోగం చేసిన మహఫూజ్‌కు, సూటూ ఎర్ర టోపీ ధరించి కార్యాలయాలకు వెళ్లే ‘ఎఫెందీ’ల బతుకు దగ్గరగా తెలుసు. వారికి భూమి లేదు, వ్యాపారం లేదు. నెల జీతమూ, దానితో నిలబెట్టుకోవలసిన పరువూ మాత్రమే ఉన్నాయి. కైరోలోని షుబ్రా ప్రాంతంలో అలాంటి ఒక చిరుద్యోగి, హసనైన్ తండ్రి, హఠాత్తుగా మరణించడంతో అతడి కుటుంబం చాలీచాలని పింఛనుతో కింది అంతస్తు వాటాకు మారుతుంది, ఇంట్లోని సామాను ఒక్కొక్కటే అమ్ముకుంటుంది, కూతురు నఫీసా డబ్బు కోసం ఇరుగుపొరుగుకు బట్టలు కుట్టడం మొదలుపెడుతుంది. ఆ వర్గం దృష్టిలో ఇది ఆకలిని మించిన అవమానం. మాధ్యమిక పాఠశాలల్లో ఫీజులు 1950లో, తాహా హుస్సేన్ విద్యామంత్రిగా ఉన్నప్పుడు గానీ రద్దు కాలేదు కనుక, అంతకుముందు ఇలాంటి ఇళ్లలో కొడుకుల చదువు అంటే మిగిలినవారి కడుపు కట్టుకోవడమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త దారి ఒకటి కనిపించింది. 1936లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం తర్వాత ఈజిప్టు సైన్యాన్ని విస్తరించే క్రమంలో, అప్పటివరకు ప్రధానంగా సంపన్న కుటుంబాలకే పరిమితమైన సైనిక కళాశాల ప్రవేశాలను జాతీయవాద పార్టీ అయిన వఫ్ద్ ప్రభుత్వం దిగువ మధ్యతరగతికీ అందుబాటులోకి తెచ్చింది. తపాలా ఉద్యోగి కొడుకైన గమాల్ అబ్దుల్ నాసర్ మొదటిసారి తిరస్కరణకు గురై, యుద్ధ శాఖ ఉన్నతాధికారి ఒకరిని స్వయంగా కలిసిన తర్వాతే 1937లో అందులో చేరగలిగాడు. అంటే ప్రతిభ ఒక్కటే చాలలేదు. అక్కడ ‘వాస్తా’ అని పిలిచే సిఫారసు కావలసి వచ్చింది.

హసనైన్ నడిచినదీ అదే దారి. తండ్రికి పరిచయస్థుడైన ఒక ‘బే’ (రాజరికపు గౌరవ బిరుదున్న పెద్దమనిషి) పలుకుబడి అతడికి సీటు ఇప్పిస్తుంది. రౌడీయిజంతో, మాదకద్రవ్యాలతో బతికే పెద్దన్న హసన్ డబ్బు అందుకు తోడవుతుంది. యూనిఫాం వేసుకున్నాక హసనైన్ చేసే మొదటి పని, ఆ డబ్బు వచ్చిన చోటును అసహ్యించుకోవడం. ఈ చిత్రంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించేది ఇదే: అతడు సిగ్గుపడే ప్రతి మరకా అతడి మెట్టు కిందనే ఉంది. ఒమర్ షరీఫ్ ఆ సిగ్గును గర్వంగా నటిస్తే, మోసపోయి పడుపువృత్తిలోకి జారిన నఫీసాగా సనా జమీల్ ఒక్క మాటైనా లేకుండా దాని ఖరీదు చూపిస్తుంది.

చిత్రం విడుదలయ్యేనాటికి నాసర్ దేశాధ్యక్షుడు. సైనికాధికారులు రాజును గద్దె దించిన 1952 విప్లవం బే, పాషా బిరుదులను రద్దు చేసి, భూమిపై 200 ఫెద్దాన్ల (ఫెద్దాన్ అంటే దాదాపు ఒక ఎకరం) పరిమితి విధించింది. కాబట్టి రాజరికపు రోజుల అన్యాయాన్ని చూపించే ఈ కథ ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించేది కాదు. అయినా సైనిక కళాశాల ద్వారా పైకి వచ్చిన తరమే పాలిస్తున్న దేశంలో, ఆ కళాశాలలో చేరడం కోసం ఒక ఇల్లు ఏమేం పోగొట్టుకుందో చూపడం అబూ సైఫ్ చేసిన ధైర్యమైన పని అని నా నమ్మకం. కైరోలోని శ్రామికవాడ బులాక్‌లో పెరిగిన ఆయన, పేద ఇంటి ఇరుకును అలంకారంగా కాక ఊపిరాడని స్థితిగానే చిత్రించాడు.

1993లో దర్శకుడు అర్తురో రిప్‌స్టీన్ ఇదే నవలను మెక్సికోకు మార్చి తీసినప్పుడు ఊరూ పేర్లూ మారాయి గానీ, ఇల్లంతా కలిసి ఒక్క కొడుకును పైకి నెట్టే ఏర్పాటును మార్చవలసిన అవసరం రాలేదు.