నొప్పి లేదంటే కీలు బాగున్నట్టేనా? విరిగిన ఎముకలు, అరిగిన కీళ్లపై అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఎముకల డాక్టరుగా రోజూ వినే మాటలివి. కొన్నిటికి నవ్వొస్తుంది, కొన్నిటికి భయమేస్తుంది.

అపోహ: కట్టు కట్టించుకుంటే ఏ ఎముకైనా అతుక్కుంటుంది.

పుత్తూరు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం ఇంతా అంతా కాదు. నిజం చెప్పాలంటే కాలర్ బోన్, చిన్నపిల్లల ముంజేతి ఎముకలు చాలావరకు కోత లేకుండానే అతుకుతాయి. వాటికి మేమూ పిండికట్టో, చేతికి ఊతమో ఇచ్చి పంపేస్తాం. కానీ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న అవ్వ సంగతి వేరు. తొడ ఎముక పైనుండే బాల్‌కి రక్తం తీసుకెళ్లే నాళాలు విరుపుతోపాటే దెబ్బతింటాయి. అందుకే ఆ వయసులో చాలామందికి బాల్ మార్చాల్సి వస్తుంది. కాస్త కిందగా విరిగితే రాడ్డు వేస్తాం. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే సార్" అని ఇంటికి తీసుకెళ్తే వీపున పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆమెకు ఆపరేషన్ కంటే మంచమే ప్రమాదం. వీలైతే 48 గంటల్లోపు చేయించండి.

కట్టు ఎవరు వేసినా సరే, వేశాక నొప్పి తగ్గకపోగా పెరుగుతూ, వేళ్లు సాగదీస్తే ప్రాణం పోతున్నట్టుంటే తెల్లారేదాకా ఆగొద్దు. లోపల వాపు పెరిగి కండకు రక్తం అందడం లేదన్నమాట. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది.

అపోహ: ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా ఉంది కాబట్టి గట్టిది.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చేవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతాను. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ పట్టిన ఎముక చూడ్డానికి దట్టం, నిజానికి పెళుసు. డ్రిల్లు మాత్రం ఓ పట్టాన దిగదు! మన దేశంలో మనుషుల ఎముకల ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో వచ్చింది నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి ఈ ఊళ్లన్నీ ఆ జిల్లాలోవే.

అపోహ: చేపల పులుసు, పప్పు తింటే చీము పడుతుంది, పాయా తాగితే త్వరగా అతుకుతుంది.

చీము పట్టేది క్రిముల వల్ల. షుగరు అదుపు తప్పితే వాటికి పండగే. పులుసు హాయిగా తినండి. పాయా తాగండి, కాదనను, కానీ కడుపులో అదీ మిగతా మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది, నేరుగా ఎముకకు చేరదు. మానాల్సింది బీడీ, సిగరెట్. అవి ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి.

అపోహ: మార్చిన మోకాలి చిప్పలు, అంటే కృత్రిమ కీళ్లు, పదేళ్లే పనిచేస్తాయి. ఆలోపు నొప్పి లేకపోతే డాక్టరుతో పనిలేదు.

మొదటి మాట పాతబడింది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పూర్తిగా మార్చిన మోకీళ్లలో సుమారు 82 శాతం, తుంటి కీళ్లలో 58 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. నన్ను భయపెట్టేది రెండో మాట. కృత్రిమ మోకీలులో రెండు లోహపు ముక్కల మధ్య ప్లాస్టిక్ పలక ఉంటుంది. నడిచేకొద్దీ అది కంటికి కనిపించని పొడిగా రాలుతుంది. ఆ పొడిని తొలగించబోయి శరీరం రేపే మంటలో పక్కనున్న ఎముక కరిగిపోతుంది. ఇదంతా ఏళ్ల తరబడి నొప్పి లేకుండానే జరగొచ్చు. కీలు వదులయ్యాక లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు నొప్పి మొదలవుతుంది. అలా ఆలస్యంగా వచ్చినవాళ్ల మోకాలు తెరిస్తే పలక ఒకపక్క పూర్తిగా అరిగి, లోహం లోహాన్ని రాసుకుని, చుట్టూ ఉన్న పొర మసిలా నల్లబడి కనిపిస్తుంది. అప్పుడు పలక ఒక్కటే మార్చి కుట్టేయడం కుదరదు. పాతవన్నీ తీసి, పోయిన ఎముక చోట లోహపు దిమ్మెలు పెట్టి, పొడవాటి కాడలున్న కీలు దించాలి. చీము కూడా ఉంటే తరచుగా రెండు విడతల ఆపరేషన్: ముందు యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మె, ఇన్ఫెక్షన్ తగ్గాక కొత్త కీలు.

కాబట్టి బాగానే నడుస్తున్నా మీ డాక్టరు చెప్పిన గడువుకి ఎక్స్‌రే తీయించండి. రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్లు కాలి పగుళ్లను, పుండ్లను అశ్రద్ధ చేయొద్దు. అక్కడి క్రిములు రక్తంలో కలిసి మార్చిన కీలు దాకా పోగలవు.

అపోహ: ఎముక అతికాక రాడ్డు తీయించాల్సిందే.

పెద్దవాళ్లలో ఇబ్బంది పెట్టనంతకాలం అక్కర్లేదు. పిల్లలకు మాత్రం తరచుగా తీస్తాం.

చివరగా, ఆపరేషన్ ఫైలులో ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించిన పేజీ ఒకటి ఉంటుంది. కంపెనీ, మోడల్, సైజు అన్నీ దానిమీదే ఉంటాయి. డిశ్చార్జి రోజున అడిగి తీసుకోండి, ఫోనులో ఫోటో కూడా పెట్టుకోండి. పలక ఒక్కటే మార్చితే సరిపోయే దశలో మీరు వచ్చినా, ఏ కంపెనీదో తెలియకపోతే దానికి సరిపడే పలక తెప్పించడం కష్టం.